ఎలుక మెదడు కన్నా ముందు ఎలుక మేత

హనుమకొండలో ఫార్మకాలజీలో పీజీ చేస్తున్న రోజుల్లో ఒకసారి సంక్రాంతి సెలవులు ముగించుకుని యానిమల్ హౌస్‌లోకి వెళ్లేసరికి మూడు బోన్లలో లెక్క తప్పి ఉంది. జాలీ మూతలో నేను తూచి పోసి వెళ్లిన మేత గోళీలు దాదాపు అలాగే ఉన్నాయి. కింద పరిచిన వరి ఊకలో మాత్రం నువ్వు గింజలు, సకినాల తునకలు కనిపించాయి. "గోళీలు ముట్టుతలేవు సారూ, సకినాల మీదనే పడ్డయి" అని అటెండరు పెద్దాయన సంజాయిషీలా కాక సంబరంగా చెప్పాడు. ఇంటిల్లిపాదీ పిండివంటలు తినే పండుగ పూట ఈ మూగజీవాలకు ఎండు గోళీలు పోయడానికి ఆయనకు మనసొప్పలేదు. ఆ మూడు బోన్ల ఎలుకలను నేను ప్రయోగం నుంచి తీసేయవలసి వచ్చింది.

ఆయన తెలియక చేసిన పనికి శాస్త్రంలో ఒక చరిత్ర ఉంది. 1976లో స్క్లఫానీ, స్ప్రింగర్ అనే అమెరికన్ పరిశోధకులు పెద్ద ఎలుకల ముందు మామూలు మేతతో పాటు సూపర్‌మార్కెట్‌లో దొరికే కుకీలు, చీజ్, సలామీ, అరటిపండ్లు, చాకొలెట్, పీనట్ బటర్ వంటివి పెట్టి చూశారు. ఎలుకలు ఎండు మేతను పక్కన పెట్టి ఆ రుచుల మీద పడ్డాయి, చూస్తుండగానే లావెక్కాయి. ఈ పద్ధతికి తర్వాత 'కెఫెటీరియా ఆహారం' అనే పేరు స్థిరపడింది. ఆ ఎలుకల నడుము గురించి మొదలైన ఆసక్తి క్రమంగా వాటి మెదడు మీదికి మళ్లింది.

"కొవ్వు తింటే మెదడు మొద్దుబారుతుంది" అంటూ ఇవాళ పత్రికల్లోనూ ఫోన్లలోనూ తిరిగే శీర్షికల వెనక చాలావరకు ఇలాంటి ఎలుకలే ఉన్నాయి. ఆ శీర్షికలు అబద్ధాలని నేను అనను. అయితే 'అధిక కేలరీల ఆహారం' అనే ఒక్క మాటలో కొవ్వు, చక్కెర, మొత్తం కేలరీలు, వాటి వల్ల వచ్చే స్థూలకాయం అనే నాలుగు పోగులు పెనవేసుకుని ఉన్నాయి. వీటిలో ఏది మెదడును తాకిందో తేల్చకుండా మెదడు గురించి ఎంత చెప్పుకున్నా అది సగం మాటే అవుతుంది. అందుకే ఈ వ్యాసాన్ని మెదడుతో కాక మేతతో మొదలుపెడుతున్నాను. ఒక చిన్న వివరణ కూడా అవసరం: ప్రయోగశాలల్లో వాడే రెండు జాతులనూ మనం ఎలుకలనే అంటాం కాబట్టి, ఇక్కడ పావుకిలో నుంచి అరకిలో దాకా తూగే పెద్ద జాతిని ఎలుక అనీ, పాతిక ముప్పై గ్రాములుండే చిన్న జాతిని చిట్టెలుక అనీ రాస్తున్నాను.

మేతలో ఏముంది

మామూలు ప్రయోగశాల మేత అంటే గోధుమ, మొక్కజొన్న, సోయా వంటి ధాన్యాలను పిండి చేసి, ఖనిజాలు, విటమిన్లు కలిపి, గట్టిగా ఒత్తిన గోళీలు. గ్రాముకు సుమారు 3 కేలరీలు ఉంటాయి. పెద్ద ఎలుక రోజుకు 15 నుంచి 20 గ్రాములు తింటుంది. దీనికి ఎదురుగా నిలబెట్టే కొవ్వు మేతల్లో ప్రపంచమంతటా ఎక్కువగా వాడేది డి12492 అనే సంఖ్యతో పిలిచే అమెరికన్ మేత. దానిలో నూటికి 60 కేలరీలు కొవ్వు నుంచే వస్తాయి, ఆ కొవ్వులో అధికభాగం పంది కొవ్వు. గ్రాముకు 5.24 కేలరీలు. గుర్తుపట్టడానికి వీలుగా నీలం రంగు కలుపుతారు. చేతిలోకి తీసుకుంటే వేళ్లకు జిడ్డు అంటుకుంటుంది, బయట ఉంచితే ముక్కిపోతుంది కాబట్టి ఫ్రిజ్‌లో దాస్తారు.

అరవై శాతం అంటే ఎంతో మన విస్తరి మీద వేసి చూస్తే తెలుస్తుంది. రోజుకు 2,000 కేలరీలు తినే మనిషి ఆ నిష్పత్తిలో తినాలంటే 1,200 కేలరీలు కొవ్వు నుంచి రావాలి, అంటే సుమారు 133 గ్రాముల కొవ్వు. పావుకిలో నూనెలో సగానికి మించి, ప్రతిరోజూ, ఇంకో ముద్ద తినకముందే లోపలికి పోవాలన్నమాట. పెళ్లి భోజనాల సీజన్‌లో కూడా ఇది తేలిక కాదు. కాబట్టి ఎనిమిది వారాలో పన్నెండు వారాలో ఈ నీలం గోళీల మీద బతికిన చిట్టెలుక గురించి చదువుతున్నప్పుడు, అది సాయంత్రం నాలుగు మిర్చి బజ్జీలు తిన్న మనిషికి నకలు కాదని గుర్తుంచుకోవాలి.

మన దేశంలోని చాలా ఫార్మసీ కళాశాలలకు ఆ నీలం గోళీలు తెప్పించుకునే స్తోమత ఉండదు. అందుకని వనస్పతిని, కొబ్బరినూనెను మూడుకు ఒకటి పాళ్లలో కరిగించి కలిపి, మొనలో చిన్న గుండు ఉన్న వంపు సూదితో ఎలుక గొంతులోకి నేరుగా పోసే పద్ధతి మన దగ్గర బాగా వాడుకలో ఉంది. నేనూ అదే చేశాను. ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చాక ప్రతి ఉదయం ఎలుకను మెడ వెనక చర్మం పట్టుకుని ఎత్తి, నోట్లో సూది దించి, నూనె వదిలి, మళ్లీ బోనులో వేసేవాణ్ని. పోలిక కోసం ఉంచిన కంట్రోల్ గ్రూపు ఎలుకల జోలికి మాత్రం పోలేదు, అవి హాయిగా గోళీలు తింటూ కూర్చున్నాయి. చివర్లో నూనె తాగిన ఎలుకల జ్ఞాపకశక్తి తగ్గినట్టు అంకెలు వస్తే సంతోషించాను. వైవాలో పరీక్షకుడు ఒకే ప్రశ్న వేశాడు: "ఇది నూనె వల్లనా, రోజూ మెడ పట్టుకుని ఎత్తడం వల్లనా?" నా దగ్గర జవాబు లేదు. ఎలుకను పట్టుకుని గొంతులోకి సూది దించితే ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి, ఆ హార్మోన్ల దెబ్బ సరిగ్గా నేను కొలుస్తున్న జ్ఞాపకశక్తి మీదే పడుతుంది. కంట్రోల్ ఎలుకలకు కూడా అంతే పరిమాణంలో నీళ్లు అదే సూదితో పోసి ఉండాల్సింది.

నాది విద్యార్థి పొరపాటు. కానీ ఇదే జాతి పొరపాటు పెద్ద పత్రికల్లో అచ్చయిన పరిశోధనల్లో కూడా ఉంది. శుద్ధి చేసిన పదార్థాలతో తయారైన కొవ్వు మేతను ధాన్యపు గోళీలతో పోల్చినప్పుడు, రెండింటికీ మధ్య కొవ్వు ఒక్కటే తేడా అయి ఉండదు. పీచు రకం వేరు, పరిమాణం వేరు, చక్కెర వేరు, ధాన్యపు గోళీల్లోని సోయా నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ వంటి పదార్థాలు శుద్ధి చేసిన మేతలో ఉండవు. పేగుల్లోని సూక్ష్మజీవులు పీచు తగ్గగానే మారిపోతాయి, వాటి ప్రభావం మెదడు దాకా పోతుందని ఇప్పుడు తెలుసు. అవే పదార్థాలతో కొవ్వు మాత్రం తక్కువగా చేసిన మేతతో పోల్చినప్పుడే లెక్క సరిపోతుంది. ఏ పరిశోధన గురించి చదివినా నేను మొదట చూసేది కంట్రోల్ ఎలుక ఏం తిన్నదన్నదే.

ఆకలి గదిలో మొదటి పొగ

ఆహారానికీ మెదడుకూ ఉన్న సంబంధం మొదట బయటపడింది హైపోథాలమస్ దగ్గర. మెదడు అడుగున, ఎలుకలో అయితే మిరియపు గింజ పాటి జాగాలో ఉండే ఈ భాగంలో ఒకచోట గాయం చేస్తే ఎలుక ఆగకుండా తిని ఊరిపోతుందని 1940లో హెదరింగ్టన్, రాన్సన్ చూపించారు. 1951లో యేల్ విశ్వవిద్యాలయంలో జాన్ బ్రోబెక్‌తో కలిసి పనిచేసిన మన బాలకృష్ణ ఆనంద్, ఆ పక్కనే ఉన్న ఇంకో చోట గాయం చేస్తే ఎలుక తిండే మానేస్తుందని కనుక్కున్నారు. తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌లో ఫిజియాలజీ విభాగానికి పునాది వేసింది ఆయనే. శరీరంలోని కొవ్వే తాను ఎంత ఉన్నానో మెదడుకు కబురు పంపుతూ ఉండాలని 1953లో కెన్నెడీ ఊహించాడు. ఆ కబురు మోసే హార్మోన్ లెప్టిన్ 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందానికి దొరికింది.

లెప్టిన్ దొరకగానే స్థూలకాయానికి మందు దొరికిందని అందరూ అనుకున్నారు. తీరా చూస్తే లావెక్కిన ఎలుకల రక్తంలో లెప్టిన్‌కు కొదవ లేదు, దాన్ని వినవలసిన మెదడే వినడం మానేసింది. ఎందుకు మానేసింది? 2005లో బ్రెజిల్‌లో వెలోసో బృందం కొవ్వు మేత తిన్న ఎలుకల హైపోథాలమస్‌లో వాపు ప్రక్రియకు సంబంధించిన సంకేతాలు మేల్కొన్నాయని, అక్కడ ఇన్సులిన్ మాట కూడా చెల్లడం లేదని చూపించింది. ఇక్కడ వాపు అంటే దెబ్బ తగిలిన కాలు ఉబ్బినట్టు మెదడు ఉబ్బడమని కాదు. గాయమో సూక్ష్మక్రిమో తగిలినప్పుడు శరీరం విడుదల చేసే రసాయనాలు, ఏ గాయమూ లేకుండానే, తక్కువ మోతాదులో అదేపనిగా విడుదల కావడం. మంట కనబడకుండా పొగ మాత్రం రాజుకుంటున్న ఊక కుప్ప లాంటిదది.

ఆ పొగ ఎప్పుడు మొదలవుతుందన్నది 2012లో అమెరికాలోని సియాటిల్ నుంచి థేలర్, ష్వార్ట్జ్ బృందం ప్రకటించిన పరిశోధనతో తెలిసింది. నాకు ఈ మొత్తం సాహిత్యంలో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించినది ఇదే. ఎలుకలకు కొవ్వు మేత పెట్టిన 1 నుంచి 3 రోజుల్లోనే, అంటే శరీరం బరువు చెప్పుకోదగినంత పెరగకముందే, హైపోథాలమస్‌లో వాపు సంకేతాలు కనిపించాయి. మెదడుకు కావలివాళ్ల వంటి మైక్రోగ్లియా కణాలు, న్యూరాన్లకు, అంటే నాడీకణాలకు, ఆసరాగా ఉండే ఆస్ట్రోసైట్ కణాలు ఉబ్బి పోగుపడ్డాయి. కొన్నాళ్లకు అదంతా సర్దుకున్నట్టు కనిపించి, నాలుగో వారం నాటికి మళ్లీ వచ్చి తిష్ఠ వేసింది. శరీరంలోని మిగతా అవయవాల్లో కొవ్వు మేత వల్ల వచ్చే వాపు వారాలు, నెలల మీద మెల్లగా పెరిగేది. మెదడులో మాత్రం వరస తారుమారైంది. లావెక్కడం వల్ల మెదడు చెడిందని అనుకుంటున్న కథలో, మొదటి అధ్యాయం లావెక్కకముందే రాసి ఉందన్నమాట.

సీసా ఎక్కడ పెట్టామో ఎలుకకు గుర్తుందా

హైపోథాలమస్ ఆకలి సంగతి చూస్తే, హిప్పోక్యాంపస్ జ్ఞాపకాల సంగతి చూస్తుంది, ముఖ్యంగా ఏది ఎక్కడ ఉందన్న జ్ఞాపకాలను. ఎలుక గదిలో ఒక నిర్దిష్టమైన చోటికి వచ్చినప్పుడు మాత్రమే స్పందించే న్యూరాన్లు ఇక్కడే ఉన్నాయని 1971లో జాన్ ఓకీఫ్ కనుక్కున్నాడు, దానికే 2014లో నోబెల్ బహుమతిలో భాగం పంచుకున్నాడు. కొవ్వు ఎక్కువగా ఉన్న మేత ఎలుకల నేర్చుకునే శక్తిని దెబ్బతీస్తుందని కెనడాలో వినోకర్, గ్రీన్‌వుడ్ 1990 ప్రాంతంలోనే చూపించారు. వాళ్ల ఎలుకలు నెలల తరబడి ఆ మేత తిన్నాయి. తర్వాత వచ్చిన వాళ్లు ఆ నెలలను రోజులకు కుదిస్తూ పోయారు.

ఎలుక జ్ఞాపకాన్ని ఎలా కొలుస్తారో తెలియకపోతే ఈ కుదింపు విలువ అర్థం కాదు కాబట్టి, మేము చేసిన ఒక పరీక్షను వివరిస్తాను. చెక్కతో చేసిన నలుచదరపు తొట్టి, దానిలో ఒక మూల ఖాళీ టానిక్ సీసా, ఇంకో మూల స్టీలు గ్లాసు. ఎలుకను లోపల వదిలితే కాసేపు గోడ వెంట నడిచి, తర్వాత ధైర్యం తెచ్చుకుని రెండింటినీ మీసాలతో తడిమి వాసన చూస్తుంది. ఐదు నిమిషాల తర్వాత బయటకు తీస్తాం. తొట్టినీ వస్తువులనూ స్పిరిటుతో తుడుస్తాం, లేకపోతే తర్వాతి ఎలుక జ్ఞాపకంతో కాక ముక్కుతో పరీక్ష రాస్తుంది. కొద్దిసేపటి తర్వాత అదే ఎలుకను తిరిగి వదులుతాం, ఈసారి సీసాను ఇంకో మూలకు జరిపి. జ్ఞాపకం బాగున్న ఎలుక చోటు మారిన సీసా దగ్గరే ఎక్కువసేపు తచ్చాడుతుంది. చోటు మార్చకుండా సీసా స్థానంలో కొత్త వస్తువును పెడితే అది వేరే పరీక్ష, దానికి హిప్పోక్యాంపస్ అంతగా అవసరం లేదు. ఒక మనిషి స్టాప్‌వాచీ పట్టుకుని, ముక్కు వస్తువుకు దగ్గరగా ఎంతసేపు ఉందో సెకన్లలో రాస్తూ కూర్చునే ఓపిక పని ఇది. మేము పగలు చేసేవాళ్లం. ఎలుక రాత్రి తిరిగే జీవి అని అందరికీ తెలుసు, కానీ రాత్రి రెండింటికి కళాశాల గేటు తీసేదెవరు?

ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్గరెట్ మోరిస్ బృందం 2014లో ఇలాంటి జంట పరీక్షనే వాడింది. కొవ్వు, చక్కెర రెండూ దండిగా ఉన్న కెఫెటీరియా ఆహారం తిన్న ఎలుకలు దాదాపు ఐదు రోజులకే చోటు మారిన వస్తువును గుర్తించలేకపోయాయి. కొత్త వస్తువును మాత్రం ఎప్పటిలాగే గుర్తించాయి. మామూలు మేతతో పాటు చక్కెర నీళ్లు మాత్రమే అదనంగా దొరికిన ఎలుకలకు కూడా అదే గతి పట్టింది. అంతకుముందు 2010లో కనోస్కీ, డేవిడ్‌సన్ చేసిన ఎనిమిది దారుల చిట్టడవి పరీక్షలో 72 గంటల్లోనే చోటుకు సంబంధించిన జ్ఞాపకం తడబడింది, చోటుతో పనిలేని జ్ఞాపకం తడబడడానికి నెల పట్టింది. మెదడంతా ఒకేసారి మొద్దుబారడం లేదు. ఒక భాగం ముందుగా, మిగతావి తీరిగ్గా.

హిప్పోక్యాంపసే ఎందుకు ముందు? ఒక కారణం దాని మరమ్మతు అవసరాలు. కొత్త జ్ఞాపకాలకు న్యూరాన్ల మధ్య కొత్త ముడులు పడుతూ ఉండాలి, ఆ ముడులకు ఎరువు వంటి ప్రొటీన్ బీడీఎన్‌ఎఫ్. కొవ్వు, చక్కెర ఎక్కువైన మేత మీద రెండు నెలలు గడిపిన ఎలుకల హిప్పోక్యాంపస్‌లో అది తగ్గిందని 2002లో కాలిఫోర్నియాలో మోల్టెనీ, గోమెజ్ పినియా తదితరులు చూపించారు. రెండో కారణం కావలి గోడ. రక్తంలో తిరిగే ప్రతి పదార్థమూ మెదడులోకి చొరబడకుండా రక్తనాళాల లోపలి కణాలు ఒకదానికొకటి బిగిసి ఒక గోడ కడతాయి. దాదాపు 90 రోజులు కొవ్వు, చక్కెర మేత తిన్న ఎలుకల రక్తంలోకి రంగు ఎక్కిస్తే, అది హిప్పోక్యాంపస్‌లోకి కారింది, పోల్చి చూసిన మిగతా భాగాల్లోకి కారలేదు. మూడోది అన్నిటికన్నా చిత్రమైనది. పనికిరాని ముడులను ఏరిపారేయవలసిన మైక్రోగ్లియా కణాలు, లావెక్కిన చిట్టెలుకల్లో పనికివచ్చే ముడులను కూడా తినేస్తున్నాయని 2016లో స్ట్రానహాన్ బృందం చూపించింది. చేనులో కలుపు తీయడానికి దింపిన కూలీ పత్తి మొక్కను పీకినట్టన్నమాట.

ఇక్కడే ఈ రెండు మెదడు భాగాల కథలు కలుస్తాయి. హిప్పోక్యాంపస్ పని దారులు గుర్తుపెట్టుకోవడంతో అయిపోదు, కడుపు నిండిన సంగతిని గుర్తుపెట్టుకుని "ఇప్పుడు తిండి అక్కర్లేదు" అని చెప్పడంలో కూడా దానికి వాటా ఉంది. 1998లో పాల్ రోజిన్, ఆయన సహచరులు జ్ఞాపకశక్తి పూర్తిగా దెబ్బతిన్న ఇద్దరు రోగుల ముందు భోజనం పెట్టి, తిన్న కొన్ని నిమిషాలకే మళ్లీ భోజనం పెడితే, వాళ్లు మళ్లీ తిన్నారు. ఎలుకల్లో హిప్పోక్యాంపస్‌ను గాయపరిస్తే తిండి పెరుగుతుంది. దీని మీద డేవిడ్‌సన్ కట్టిన ఊహ ఏమిటంటే, కేలరీల మేత ముందు హిప్పోక్యాంపస్‌ను బలహీనపరుస్తుంది, బలహీనపడిన హిప్పోక్యాంపస్ తినడాన్ని ఆపలేకపోతుంది, ఆపలేక తిన్న మేత దాన్ని ఇంకా బలహీనపరుస్తుంది. ఎలుకల్లో ఈ వలయంలోని ఒక్కో అంచెకూ విడివిడిగా సాక్ష్యం ఉంది. వలయం మొత్తం తిరుగుతుందని ఒకే ఎలుకలో చూపించడం మాత్రం ఇంకా కష్టమైన పనే.

కోరికనూ తృప్తినీ నడిపించే మెదడు రసాయనం డోపమైన్ సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. 2010లో జాన్సన్, కెన్నీ ప్రకటించిన ప్రసిద్ధ పరిశోధనలో చీజ్‌కేక్, బేకన్, చాకొలెట్ వంటివి దాదాపు రోజంతా అందుబాటులో ఉన్న ఎలుకల మెదడులో ఒక రకం డోపమైన్ గ్రాహకాలు తగ్గాయి, పాదాలకు షాక్ తగులుతుందని హెచ్చరించే దీపం వెలిగినా అవి తినడం ఆపలేదు. దీన్నే "చీజ్‌కేక్ కొకైన్ లాంటిది" అని తిప్పి రాసిన శీర్షికలు నాకు నచ్చవు. కొంత పోలిక ఉండడం వేరు, రెండూ ఒకటే అనడం వేరు.

ఏ పోగు లాగితే ఏది కదిలింది

ఇప్పుడు ఆ నాలుగు పోగుల దగ్గరికి వద్దాం. కొవ్వే దోషి అయితే, ఎంత కొవ్వు పెడితే అంత చెడు జరగాలి. 2017లో ఒకే పత్రికలో వెలువడిన రెండు పరిశోధనల్లో చిట్టెలుకలకు కేలరీల్లో 90 శాతం దాకా కొవ్వే ఉన్న, పిండిపదార్థాలు దాదాపు లేని కీటోజెనిక్ మేత పెట్టారు. బరువు పెరగకుండా ఒక బృందం తూచి పెట్టింది, ఇంకో బృందం వారం విడిచి వారం పెట్టింది. ఆ చిట్టెలుకలు నడివయసులో తక్కువగా చనిపోయాయి, ముసలితనంలో జ్ఞాపక పరీక్షల్లో మెరుగ్గా నిలిచాయి. అంటే అరవై శాతం కొవ్వున్న నీలం గోళీ చేసిన చేటును కొవ్వు ఒక్కదాని ఖాతాలో రాయడం కుదరదు. దానిలో పంది కొవ్వుతో పాటు పిండిపదార్థాలూ చక్కెరా ఉన్నాయి, పైగా అది చిట్టెలుక ఎంత కావాలంటే అంత తినేలా ఉంటుంది. మోరిస్ ఎలుకల్లో చక్కెర నీళ్లు ఒక్కటే సరిపోయాయి. నా అంచనాలో దెబ్బ ఎక్కువగా పడేది కొవ్వు, చక్కెర కలిసి, హద్దు లేకుండా దొరికినప్పుడే.

స్థూలకాయమనే పోగును విడదీయడానికి మన పక్కనే ఒక సాధనం ఉంది. హైదరాబాద్‌లో తార్నాక దగ్గరున్న జాతీయ పోషకాహార సంస్థలో 1990ల్లో, ఎవరూ కొవ్వు పెట్టకుండానే, పుట్టుకతో వచ్చిన జన్యు మార్పు వల్ల విపరీతంగా లావెక్కే ఎలుకలు కనిపించాయి. డబ్ల్యుఎన్ఐఎన్/ఓబీ అని పిలిచే ఈ ఎలుకలు మామూలు మేత మీదే కిలో దాటి పెరగగలవు, బతికేది మాత్రం మామూలు ఎలుక కన్నా చాలా తక్కువ కాలం. ఒకవైపు మేత మారకుండా ఒళ్లు మారిన హైదరాబాద్ ఎలుక, ఇంకోవైపు ఒళ్లు మారకముందే మూడు రోజుల్లో మెదడు మారిన సియాటిల్ ఎలుక. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆలోచిస్తే తప్ప మేత దోషమెంతో, లావు దోషమెంతో విడిపోదు. ఈ సంస్థకు మూలమైన కూనూరు ప్రయోగశాలలో రాబర్ట్ మెకారిసన్ వందేళ్ల కిందటే ఉత్తర, దక్షిణ భారత ప్రాంతాల తిండ్లను ఎలుకలకు పెట్టి వాటి ఎదుగుదలను పోల్చాడు. ఎలుకకు మన విస్తరి వడ్డించి చూడడం మనకు కొత్త కాదు.

కేలరీల పోగులో ఇంకో మెలిక ఉంది. 1935లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో క్లైవ్ మెకే పోషకాలు తగ్గకుండా కేలరీలు మాత్రం తగ్గించి పెట్టిన ఎలుకలు ఎక్కువకాలం బతికాయని చూపించాడు. సరే, వాటితో పోల్చిన మామూలు ఎలుక ఎవరు? ఇరవై నాలుగు గంటలూ మేత ముందు పెట్టుకుని, పరుగెత్తడానికి చోటు లేని బోనులో, చేయడానికి పనేమీ లేక తింటూ కూర్చున్న ఎలుక. మార్క్ మ్యాట్సన్, ఆయన సహచరులు 2010లో ఈ మాటనే కుండబద్దలు కొట్టినట్టు రాశారు: ప్రయోగశాలల్లో ఆరోగ్యానికి కొలబద్దగా పెట్టుకున్న కంట్రోల్ ఎలుకలే జీవక్రియ చెడిన రోగులని. కొలిచే తూకపు రాయే తప్పైనప్పుడు, 'అధిక' కేలరీలు అంటే దేనికన్నా అధికమన్న ప్రశ్న లేస్తుంది. చిట్టెలుకల విషయంలో చలి కూడా లెక్కలోకి వస్తుంది. అవి సుఖంగా ఉండే ఉష్ణోగ్రత సుమారు 30 డిగ్రీలు, మనుషుల సౌకర్యం కోసం ప్రయోగశాలలను 22 డిగ్రీల దగ్గర ఉంచుతారు. ఆ చలిలో ఒళ్లు వెచ్చబెట్టుకోవడానికే వాటి తిండిలో పెద్ద వాటా కరిగిపోతుంది. మా యానిమల్ హౌస్‌లో మే నెలలో ఏసీ చెడిపోయిన వారం ఎలుకలు మేత ముట్టడం తగ్గించి నీళ్ల సీసాలకే అతుక్కుపోయాయి.

వయసు విషయంలో తేడా స్పష్టంగా ఉంది. 2012లో ఫ్రాన్స్‌లో బోర్డో నగరం నుంచి వచ్చిన పరిశోధనలో, పాలు మానినప్పటి నుంచి యవ్వనం దాకా కొవ్వు మేత తిన్న చిట్టెలుకల జ్ఞాపకమూ, హిప్పోక్యాంపస్‌లో కొత్త న్యూరాన్లు పుట్టడమూ దెబ్బతిన్నాయి. పెద్దయ్యాక అంతే కాలం తిన్నవాటికి ఆ నష్టం కనిపించలేదు. ఆడ, మగ తేడా గురించి ఇంత ధీమాగా చెప్పలేకపోవడానికి కారణం, చాలా ప్రయోగాలు మగ ఎలుకలతోనే చేయడం. చిట్టెలుకల్లోనే వంశాల మధ్య తేడా అయితే ఇంకా ఎక్కువ: సీ57 బ్లాక్ 6 వంశపు చిట్టెలుక కొవ్వు మేతతో ఇట్టే ఊరిపోతే, ఏ/జే వంశపు చిట్టెలుక అంతగా ఊరదు.

చెడినది తిరిగి బాగుపడుతుందా అని అందరూ అడుగుతారు. స్ట్రానహాన్ బృందం చిట్టెలుకలను తిరిగి తక్కువ కొవ్వు మేతకు మార్చినప్పుడు పోయిన ముడులు చాలావరకు తిరిగి వచ్చాయి, పరీక్షల్లో పనితీరూ మెరుగుపడింది. కొవ్వు మేత మీదే ఉంచి బోనులో పరుగు చక్రం పెట్టిన ఎలుకల్లో బీడీఎన్‌ఎఫ్ తగ్గకుండా నిలిచిందని 2004లో మోల్టెనీ బృందమే రాసింది. ఎలుకకు చక్రం పెడితే ఎవరూ చెప్పకుండానే రాత్రంతా పరుగెత్తుతుంది. మనం మాత్రం ఉదయపు నడకకు ఒకరినొకరు ఫోన్ చేసి లేపుకోవాలి.

మనుషుల దాకా వచ్చిన సాక్ష్యం కొద్దిదే అయినా ఉంది. 2020లో సిడ్నీలో రిచర్డ్ స్టీవెన్‌సన్ బృందం, సన్నగా ఆరోగ్యంగా ఉన్న 110 మంది యువతీయువకులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు వారం రోజులు వాఫిల్స్, ఫాస్ట్‌ఫుడ్ కలిపి పెట్టింది. వారం తర్వాత ఆ గుంపు హిప్పోక్యాంపస్ మీద ఆధారపడే పరీక్షల్లో వెనకబడింది, అంతేకాక కడుపు నిండి ఉన్నా రుచికరమైన చిరుతిండి కావాలన్న కోరిక వాళ్లలో పెరిగింది. ఎలుకల పరీక్షలు ఊహించిన దిశలోనే ఫలితం వచ్చింది. పరిమాణం చిన్నది, కాలం ఒక వారం, మనుషులు ఆస్ట్రేలియా విద్యార్థులు.

నన్ను ఇప్పటికీ వదలని సంగతి మేతల జాబితాలో మన విస్తరి లేకపోవడం. పంది కొవ్వు గోళీ, చీజ్‌కేక్, వాఫిల్, ఇవన్నీ అమెరికా పళ్లేనికి నకళ్లు. వరంగల్‌లో ఎలుకకు అదనపు కేలరీలు పెట్టాలంటే పాలిష్ పట్టిన సన్నబియ్యం, పామాయిల్, రోజుకు నాలుగైదు కప్పుల చాయ్‌లోని చక్కెర కలపాలి. అంటే కొవ్వు నడిమి పాళ్లలో, పిండిపదార్థం అతి ఎక్కువగా, ప్రొటీన్ తక్కువగా ఉన్న మేత కావాలి. అటువంటి మేత మీద హిప్పోక్యాంపస్ మూడు రోజుల్లో తడబడుతుందా, మూడు నెలలు ఓర్చుకుంటుందా అన్నది నీలం గోళీ చెప్పలేదు. బియ్యప్పిండిని నువ్వులు, వాముతో కలిపి నూనెలో వేయించిన సకినం ఆ కోవకు చాలా దగ్గరగా వస్తుంది. ఆ పెద్దాయన నాలుగు రోజుల పాటు మూడు బోన్లకు పెట్టినది అదే. ఎన్ని పెట్టాడో ఆయన లెక్కపెట్టలేదు, ఊకలో మిగిలిన తునకలను నేను తూచలేదు. ఎలుకలను మాత్రం తూచి, అంకెలు రిజిస్టరులో రాసి, వాటి మీద ఎర్ర సిరాతో అడ్డగీత కొట్టాను.